గోదాము చెక్కలతో తొండకు ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికీ తుమ్ములు వచ్చేవి కావు. అది గొప్ప సంగతి అన్నట్టుగానే మేము పెరిగాం. వరంగల్ పాత బజారులో మాది ఎండుమిర్చి వ్యాపారం. ముందు దుకాణం, వెనక ఇల్లు, రెండింటికీ మధ్య గోదాము. వంటింట్లోంచి వీధిలోకి రావాలంటే మిర్చి బస్తాల మధ్య నుంచే నడవాలి. మా ఇంటికి వచ్చిన చుట్టాలు గోదాము దాటేసరికి కొంగులూ కండువాలూ ముక్కుకు అడ్డం పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ మంచినీళ్ళు అడిగేవారు. వాళ్ళను చూసి పిల్లలం నవ్వుకునేవాళ్ళం. మా ముక్కులు గట్టివనీ వాళ్ళవి నాజూకువనీ మా నమ్మకం.

ఆ నమ్మకానికి మా ఇంట్లో ఒక ఆనవాయితీ కూడా ఉండేది. కొత్త కోడలు కాపురానికి వచ్చిన రోజు నుంచి తుమ్ముతుంది. క్రమంగా తుమ్ములు తగ్గుతాయి. ఏదో ఒక రోజు ఆమె గోదాములోంచి అటూ ఇటూ ఎన్నిసార్లు నడిచినా ముక్కు చీదదు. ఆ సంగతిని మా బాపమ్మ, అంటే మా నాన్న తల్లి, స్వయంగా గమనించి నిర్ధారించేది. ఆ సాయంత్రం ఇంట్లో బూరెలు వండి వాడకట్టంతా పంచేవారు. "మా కోడలు ఇగ మా ఇంటి మనిషైంది" అని చెప్పి మరీ పంచేవారు. మా అమ్మ పేరిట కూడా అలాగే పంచారట.

నేను జీవితమంతా జంతుశాస్త్రం బోధించాను. రుజువు లేని మాటను ఒప్పుకోకపోవడం నాకు ఉద్యోగంతో వచ్చిన అలవాటు. అది ఇంట్లోవాళ్ళకు విసుగు తెప్పించేంతగా ముదిరింది. అందుచేత ఈ జ్ఞాపకంలో నేను కళ్ళారా చూసినదేదో, తర్వాత ఊహించుకున్నదేదో విడదీసి చెప్పడానికి ప్రయత్నిస్తాను.

అప్పుడు నేను మూడో తరగతో నాలుగో తరగతో చదువుతున్నాను. మిర్చి మార్కెట్టుకు జోరుగా వచ్చే రోజులు, ఎండలు ముదురుతున్నాయి. మా వీధి పిల్లలు ఒక తొండ మెడకు దారం కట్టి, కరెంటు స్తంభం చుట్టూ తిప్పుతూ రాళ్ళు విసురుతున్నారు. దాని కంఠం ఎర్రగా ఉంది. తొండ దూరం నుంచే మనిషి నెత్తురు పీలుస్తుందనీ, ఆ ఎరుపు మన నెత్తురేననీ వాళ్ళు నమ్మేవారు. అది అబద్ధం. జత కట్టే కాలంలో మగ తొండకు మెడ ఎర్రబడుతుంది, అంతే. కానీ ఆనాడు నాకూ తెలియదు. నా నెత్తురూ పీలుస్తుందేమోనని నేనూ అరచేతులు వెనక్కి దాచుకునే చూస్తున్నాను.

అప్పుడే దుకాణం అరుగు మీద దగ్గు వినిపించింది. మా తాతయ్య ఎక్కడికి వెళ్ళినా ఆయన కంటే ముందు ఆయన దగ్గు వెళ్ళేది. ఆ దగ్గు వినగానే ఇంట్లో కుర్చీ వేసేవారు, చెంబుతో నీళ్ళు పెట్టేవారు. దాన్ని జబ్బని ఎవరమూ అనుకోలేదు. ఆయన కండువా లాగా, ఆయన చెప్పుల చప్పుడు లాగా అది ఆయనకు చెందినది, అంతే.

"అరె, గా దారం ఇటియ్యుండ్రి" అన్నాడు తాతయ్య. "మీ నెత్తురు ఎంత తాగిందో అడిగి ఇప్పిస్త."

పిల్లలు నవ్వారు. ఆయన ఒక్కొక్కరి చేతిలో బెల్లం ముక్క పెట్టి తొండను తీసుకున్నాడు. వెనక కాలు ఒకటి నేలకు ఆనడం లేదు. కండువాలో చుట్టి ఇంట్లోకి తెస్తుంటే, అది తల బయటపెట్టి పైకీ కిందికీ ఊపింది.

"సూడు బిడ్డా, ఏ రేటు చెప్పినా సరే సరే అంటాంది" అన్నాడాయన నాతో. "దీన్ని గుమాస్తాగ పెట్టుకుంటె మన దుకాణం మునుగుతది."

ఆ రోజు నుంచి దాని పేరు గుమాస్తా అయింది.

కాలు నయమయ్యేదాకా ఉంచుకుంటానని నేను పట్టుబట్టాను. బాపమ్మ ససేమిరా అంది. "బల్లి మీద పడితెనే తలంటు పోసుకుంటం. ఈయన తొండకు ఇల్లు కడ్తాండు! రేపు దానికి పెండ్లి గుడ చేస్తడు" అని గోదాము గడపలో నిలబడి అందరూ వినేలా అంది. తాతయ్య విననట్టే రంపం వెతుక్కున్నాడు.

చెక్క కోసం ఆయన బజారుకు వెళ్ళలేదు. నేల తేమ తగలకుండా మిర్చి బస్తాల కింద పరిచే చెక్కలు గోదాములో గోడకు ఆనించి ఉండేవి. ఎన్నో ఏళ్ళ బరువుతో నునుపెక్కి, ముదురు గోధుమ రంగుకు తిరిగిన మంచి టేకు చెక్కలు. "నా కంటె పాతయి, నా కంటె గట్టియి" అంటూ వాటిలో తిన్నగా ఉన్నవి ఏరాడు. పెరట్లో జామచెట్టు కింద కూర్చుని కోశాడు. మేకులు సూటిగా దిగాలని ముందు చిన్న బెజ్జాలు పెట్టాడు. నేను చెక్క కదలకుండా పట్టుకోవాలి. ఆయన ప్రతి దెబ్బకూ ముందు నా వేళ్ళ వైపు ఒకసారి చూసేవాడు. మూడు వైపులా చెక్క, ముందు వైపు పాత అల్మారా తలుపు నుంచి ఊడదీసిన ఇనుప జాలి. పైన తెరిచి మూసే మూత. లోపల ఎక్కడానికి ఒక జామకొమ్మ, నీళ్ళకు మూకుడు. జాలిలోంచి లోపలికి చూసి, "మనమే ఉండచ్చు ఇండ్ల" అన్నాడు సంతృప్తిగా. అంత శ్రద్ధగా మా కోసం ఆయన ఏ బొమ్మా చేసి ఇవ్వలేదు.

పెట్టెను జామచెట్టు కిందే ఉంచాం. గోదాముకు అది బాగా దూరం. మధ్యాహ్నాలు ఎండ చురుక్కుమంటుంటే, తాతయ్య ఒక గోనె సంచిని నీళ్ళలో ముంచి పిండి పెట్టె మీద కప్పేవాడు. వేసవిలో మా ఇంటి కిటికీలకు కూడా అలాగే తడి గోనెలు వేలాడదీసేవారు. మా ఇంట్లో గోనె సంచి అంటే మిర్చి బస్తాయే. వేరే రకం ఉంటుందని కూడా మాకు తోచేది కాదు.

మొదట్లో గుమాస్తా నేను తెచ్చిన మిడతలను తిన్నాడు. తర్వాత తినడం తగ్గింది. ఒంటి రంగు మబ్బుగా మారింది. పట్టపగలు కూడా కళ్ళు మూసుకునే ఉండేవాడు. జాలి మీద వేలితో తడితే ఒక కన్ను కొంచెం తెరిచి వెంటనే మూసేవాడు. నోరు తెరుచుకుని పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీసేవాడు. కాలు నయమవుతూనే ఉంది, ప్రాణం మాత్రం తగ్గుతోంది. పిల్లలకైనా ఆ తేడా తెలుస్తుంది. నేను బడి నుంచి పరుగెత్తుకు వచ్చి, బతికే ఉందా లేదా అని ముందు పొట్ట వైపే చూసేదాన్ని.

తలా ఒక కారణం చెప్పారు. దిష్టి అంది బాపమ్మ. ఎండదెబ్బ అన్నాడు నాన్న. తాతయ్య ఎండ మాటే నమ్మి, గోనెను రోజుకు రెండుసార్లు తడపడం మొదలుపెట్టాడు. తడిపినకొద్దీ గుమాస్తా ఇంకా ముడుచుకుపోయాడు.

అప్పటికి మా చిన్నాన్నకు పెళ్ళై కొద్ది రోజులే అయింది. చిన్నమ్మది పాలంపేట దగ్గరి ఊరు. వాళ్ళ నాన్నకు అక్కడ బియ్యం దుకాణం ఉండేది. ఆమె ఇంకా తుమ్ముతున్న కోడలే. గోదాములోంచి నడిచినప్పుడల్లా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పరుగులాంటి నడక నడిచేది, పెరట్లోకి వచ్చాక గట్టిగా గాలి పీల్చుకునేది. "ఇగ ఎన్ని రోజులే పిల్లా, బూరెల పిండి పురుగు పడుతాంది" అని బాపమ్మ ఆట పట్టించేది. చిన్నమ్మ తల వంచుకుని నవ్వేది.

ఒక పొద్దున ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను ఏడుపు ముఖంతో పెట్టె ముందు కూర్చోవడం చూసి వచ్చింది. "ఏమైందే? తింటలేదా నీ గుమాస్తా?" అంటూ మూత ఎత్తి లోపలికి వంగింది. వంగిందో లేదో తుమ్ములు. ఆగకుండా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా తుమ్ములు.

పెరటి అరుగు మీద బాపమ్మ దండం పెట్టుకుంది. "చెప్తె విన్నరా? తొండ మొఖం చూసి తుమ్మింది. మంచిది గాదు. దాన్ని అవతల పారెయ్యుండ్రి."

తాతయ్య మాత్రం చేతిలోని గోనెను అలాగే పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకు తోచింది శకునం కాదు. "అమ్మా," అన్నాడు చిన్నమ్మతో, "నువ్వు పెరట్ల ఎన్నడు తుమ్మలేదు గద?"

"లేదు మామయ్యా. గోదాముల్నే తుమ్ముత. పెరట్లకొస్తె జర పానం లేచొస్తది."

"మరి ఇక్కడెందుకు తుమ్ముతానవ్?"

శాస్త్రం అనే మాట వినకముందే నేను విన్న మొదటి శాస్త్రీయ ప్రశ్న అది. ఆ తర్వాత తాతయ్య చేసినది నా మొదటి ప్రయోగం. కళాశాలలో ఎన్ని ప్రయోగాలు చేయించినా అంతకంటే శుభ్రమైనది నేను చేయించలేదు.

ఆయన పెట్టె నుంచి ఒక చెక్కను ఊడదీశాడు. పక్కింటివాళ్ళ కట్టెల మోపు నుంచి ఒక చెక్క తెప్పించాడు. పెరటి తలుపుకు చేయగా మిగిలిన వేపచెక్క ఒకటి తీశాడు. చిన్నమ్మను పీట మీద కూర్చోబెట్టి, కళ్ళకు కొంగు కట్టమని బాపమ్మకు చెప్పాడు. "గిదేం ఆట? కొత్త కోడలితోని దాగుడుమూతలా?" అని గొణుగుతూనే ఆమె కట్టింది. చెక్కలను ఒక్కొక్కటే చిన్నమ్మ ముక్కు దగ్గర పెట్టే పని నాది. వరస మార్చి మార్చి పెట్టమన్నాడు. ఒకే చెక్కను వెంటవెంటనే పెట్టినా పరవాలేదన్నాడు. ఎప్పుడు ఏది పెట్టినా చిన్నమ్మ ఒక్క గోదాము చెక్కకే తుమ్మింది. చివరికి తడి గోనెను దూరం నుంచి చూపించగానే ముఖం తిప్పేసుకుంది.

"ఇప్పుడు నాకు కట్టు" అన్నాడు తాతయ్య.

కండువాతో ఆయన కళ్ళు కట్టాను. మిర్చి పరీక్షలో తాతయ్యకు ఊళ్ళో పేరుండేది. కాయ తుంచి, చెవి దగ్గర గింజలు ఊపి, చివరికి ముక్కు దగ్గర పెట్టుకుని ఆయన చెప్పిన మాటకు రైతూ వ్యాపారీ ఇద్దరూ తల ఊపేవారు. ఆ ముక్కు తప్పు చెప్పదని అందరి నమ్మకం. నేను మొదటి చెక్క పెట్టాను. ఆయన నిదానంగా వాసన చూశాడు. రెండోది, మూడోది కూడా చూశాడు. "మూడూ ఒక్కతీరే ఉన్నయి" అన్నాడు.

బాపమ్మకు హుషారు వచ్చింది. వంటింట్లోకి వెళ్ళి ఒక ఎండుమిరపకాయను తుంచి తెచ్చి, వేపచెక్క మీద నలిపి, నా చేతికిచ్చి కన్ను గీటింది. దూరంగా ఉన్న చిన్నమ్మ అప్పుడే ముక్కు మూసుకుంది. నేను నవ్వు ఆపుకుంటూ ఆ చెక్కను తాతయ్య ముక్కు కింద పెట్టాను.

ఆయన గట్టిగా, లోపలికంటా పీల్చాడు. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక అన్నాడు, "ఇది గుడ ఉత్త చెక్కనే బిడ్డా."

మేమంతా నవ్వాం. నాన్న కూడా దుకాణంలోంచి వచ్చి నవ్వాడు. తాతయ్య కండువా విప్పుకుని, చెక్క మీద నలిగిన మిరపకాయను చూశాడు. మా నవ్వు ఎలా ఆగిందో నాకు గుర్తులేదు, ఆగడం గుర్తుంది. ఇన్నేళ్ళూ ఆయన కళ్ళతో, చెవులతో మిర్చి ధర చెప్తూ వచ్చాడు. ముక్కు దగ్గర పెట్టుకోవడం అలవాటుగా మిగిలింది, అంతే. ఆ సంగతి ఆయనకూ ఆ క్షణమే తెలిసిందని నా ఊహ. ఇది మాత్రం ఊహే.

ఆయన నన్ను దగ్గరికి తీసుకున్నాడు. "మనం ఉన్నకాడి వాసన మనకు తెల్వదు బిడ్డా. మన ముక్కును మనం నమ్మద్దు. బయటి మనిషిని అడగాలె" అన్నాడు.

తర్వాత పెట్టె మూత తీసి, గుమాస్తాను రెండు చేతులతో ఎత్తి జామచెట్టు కొమ్మ మీద, ఎండ పడే చోట పెట్టాడు. నేను బడి మానేసి కింద కూర్చున్నాను. చాలాసేపు అది కదల్లేదు. ఎండ ఒంటికి పట్టాక ఒక కన్ను తెరిచింది, తర్వాత రెండోది. మధ్యాహ్నానికి పై కొమ్మకు ఎక్కింది. మరునాడు చెట్టు మీద దాన్ని చూశాను. కుంటుతూనే చీమల వెంట పడుతోంది. ఆ తర్వాత కనిపించినవి అదో, వేరే తొండలో చెప్పలేను.

ఒక్క తొండ కోలుకుంటే ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. మిరప ఘాటు పక్షులకు తెలియదు. తొండకు ఎంత తెలుస్తుందో నేను తేల్చుకోలేకపోయాను. దాన్ని కుంగదీసింది ఘాటు కావచ్చు, చెక్కల్లోని సన్నని దుమ్ము కావచ్చు, తడి గోనె కింద ఎండ లేని చల్లదనం కావచ్చు. చెట్టెక్కించి మేము మూడింటినీ ఒకేసారి మార్చేశాం. మంచి ప్రయోగంలో అలా చేయకూడదు. అయినా చిన్నమ్మ ముక్కు చెప్పిన సాక్ష్యంలో సందేహం లేదు. ఆ చెక్కలో ఏదో ఉంది, అది మాకు తెలియలేదు.

ఆ మాటను చివరిదాకా తీసుకెళ్ళింది కూడా చిన్నమ్మే. ఆ సాయంత్రం తాతయ్యకు మజ్జిగ ఇస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "మామయ్యా, నాలుగు చెక్కలకే దానికి గట్లయింది. మీరు పొద్దుమూకులు గోదాముల్నే కూసుంటరు. గీ దగ్గు గూడ..."

బాపమ్మ పూర్తి చేయనివ్వలేదు. "నిన్నగాక మొన్న వచ్చినవ్. నువ్వు చెప్పే దాకా మాకు తెల్వదా?"

తాతయ్య కోప్పడలేదు. నవ్వాడు. "నేను ఈ బస్తాల మీదనే పుట్టిన అమ్మా. నాకేమైతది. ఫికర్ జెయ్యకు." మజ్జిగ తాగి గ్లాసు ఇచ్చేశాడు. మరునాడు పొద్దున్నే ఎప్పటిలాగే వెళ్ళి, బస్తాల మధ్య తన పీట మీద కూర్చున్నాడు. గోదాముకు ఇంకో కిటికీ పెట్టాలనో, దుమ్ము లేచే పనిని ఆవరణలోకి మార్చాలనో ఎవరికీ తోచలేదు. బయటి మనిషిని అడగాలని నాకు నేర్పినవాడు బయటి మనిషి తనంతట తాను చెప్పిన మాటను నవ్వుతో దాటేశాడు. మేము ఆ నవ్వును జవాబుగా తీసుకున్నాం.

కొన్నాళ్ళకు బాపమ్మ ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, చిన్నమ్మ వైపు చూడమని సైగ చేసింది. చిన్నమ్మ తల మీద నీళ్ళ బిందెతో గోదాములోంచి నిదానంగా నడిచి వస్తోంది. కొంగు నడుముకు దోపుకుని ఉంది. ముక్కు దగ్గరికి చెయ్యి వెళ్ళలేదు. సాయంత్రం బూరెలు వండారు. వాడకట్టులో పంచడానికి నేనే పళ్ళెం పట్టుకుని తిరిగాను. ఇంట్లో మిగిలిన ఒక్క సాక్షి కూడా మాలాగే అయిపోయిందని ఆ వయసులో నాకెలా తెలుస్తుంది? చిన్నమ్మ ఆ ప్రశ్నను మళ్ళీ ఎన్నడూ అడగలేదు. అడగడానికి ఆమెకు ఇక ఏ వాసనా రావడం లేదు.

నేను కాలేజీలో చేరే నాటికి తాతయ్య గోదాము నుంచి పెరటి దాకా ఆగి ఆగి నడిచేవాడు. తర్వాత పడుకుంటే ఊపిరి అందేది కాదు. గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేవాడు. దవాఖానలో డాక్టరు ఏం పని చేస్తారని అడిగితే, "మిర్చి వ్యాపారం, కానీ అది ఆయనకు అలవాటే" అని మా నాన్న జవాబిచ్చాడు. నేను పక్కనే ఉన్నాను. ఆ 'కానీ' నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ వేసవి దాటకుండానే తాతయ్య పోయాడు.

ఆయన చుట్ట కూడా కాల్చేవాడు. కాబట్టి దుమ్మే ఆయనను తీసుకుపోయిందని నేను ప్రమాణం చేయలేను, చేయను. కిటికీ పెట్టించి ఉంటే ఎన్నాళ్ళు బతికేవాడో లెక్క కట్టే పద్ధతి లేదు. నాకు ఖాయంగా తెలిసినది ఒక్కటే. తొండ విషయంలో మేము అనుమానం కలిగిన రోజే మూత తీశాం. నిరూపణ కోసం ఆగలేదు. తాతయ్య విషయంలో అనుమానాన్ని ఒక మనిషి నోటితో విన్నాం, ఆమె నోరు మూయించాం.

చిన్నమ్మ ఇప్పుడు నాలాగే ముసలిది. వంటింట్లో పోపు మాడినా ఆమెకు తెలియదు, కోడళ్ళు చెప్పాలి. మొన్న కలిసినప్పుడు ఆ బూరెల మాట వచ్చింది. "నేను గట్టిగ ఇంకోసారి అడగాల్సుండె" అంది. నువ్వు అడిగావు, మేమే వినలేదు అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

మిర్చి రోజుల్లో ఎనుమాముల మార్కెట్టు వైపు వెళ్తే ఇప్పుడు నాకూ కళ్ళు మండుతాయి. బజారు వదిలి చాలా ఏళ్ళయింది కదా. కళాశాలలో పనిచేసినంత కాలం, జంతువుల నమూనాలను మందునీళ్ళలో నిలవ ఉంచే గదిలోకి కొత్త విద్యార్థులు అడుగుపెట్టిన రోజున, పాఠం మొదలుపెట్టకుండా వాళ్ళ ముఖాలు చూస్తూ నిలబడేదాన్ని. నాకు ఆ గదిలో ఏ వాసనా వచ్చేది కాదు. వాళ్ళు కళ్ళు నలుపుకోగానే తలుపులన్నీ తీయించేదాన్ని. సుబేదారిలోని మా ఇంటికి మొదటిసారి వచ్చినవారిని ఇప్పుడూ గడపలోనే ఆపి, లోపల ఏమైనా వాసన వస్తోందా అని అడుగుతాను. "ఏం లేదు మేడం" అంటారు మర్యాదకు. ఆ మర్యాదను నేను లెక్కలోకి తీసుకోను, ముక్కు ముడుచుకుందా లేదా అని చూస్తాను. ముడుచుకుంటే వెంటనే కిటికీలు తెరుస్తాను. ఎందుకని అడిగితే గాలి కోసం అంటాను. అంతకంటే చెప్పాలంటే తాతయ్యతో మొదలుపెట్టాలి.